చవక ఊళ్ళో కాపురం

"అక్కా, మీ ఊళ్ళో అన్నీ చవకంటగా?"

పోయిన వారం విజయవాడ నుంచి మా పిన్ని కూతురు ఫోన్ చేసి, బాగున్నావా అని కూడా అనకుండా అడిగిన మొదటి మాట ఇది. వాళ్ళాయన్ని కంపెనీ వాళ్ళు యూరప్ పంపుతామన్నారట. జర్మనీ అయినా పోలండ్ అయినా ఆయనిష్టమేనట. "జర్మనీలో జీతం ఎక్కువే గానీ సగం అద్దెకే పోతుందంట. పోలండ్ అయితే మిగులుతుందంట. నువ్వు అక్కడే ఉన్నావుగా, ఏమంటావు?"

పక్కన అన్నం తింటున్న మా ఆయన "రమ్మను, రమ్మను, హాయిగా ఉంటుందని చెప్పు" అని చెయ్యి ఊపేశారు. నేను మాత్రం "రెండ్రోజులాగి చెప్తానే" అని పెట్టేశాను. నాలుగేళ్ళుగా కాపురం చేస్తున్న ఊరి గురించి చెప్పడానికి రెండ్రోజులు ఎందుకు కావాల్సొచ్చిందా అని అంట్లు తోముకుంటూ ఆలోచించాను. మా ఆయనకి వెంటనే వచ్చిన జవాబు నాకెందుకు రాలేదు? ఆ ఆలోచనే ఇదంతా రాయించింది.

మేముండేది పోలండ్‌లో వ్రోత్స్వాఫ్ అనే ఊళ్ళో. పలకడం కష్టమని నాకూ తెలుసు. మా అత్తగారు ఇప్పటికీ "మీ రోట్లో ఊరు" అనే అంటారు. ఓద్రా నది ఒడ్డున, పాయలు పాయలుగా చీలిన నీళ్ళ మధ్య, వంద పైన వంతెనలతో ఉండే ఊరు. వీధుల్లో ఎక్కడ పడితే అక్కడ జానెడు ఎత్తు కంచు మరుగుజ్జు బొమ్మలుంటాయి. వాటిని వెతుక్కుంటూ నడవడం పిల్లలకి పెద్ద ఆట. సాఫ్ట్‌వేర్ ఆఫీసులు చాలా ఉన్నాయి కాబట్టి మనవాళ్ళూ బాగానే కనిపిస్తారు. 2021లో, మా అమ్మాయికి ఆరేళ్ళున్నప్పుడు వచ్చాం.

ముందు మంచి చెప్పుకుందాం. ఉన్న మంచిని దాచితే కళ్ళు పోతాయి.

చవక అన్నది నిజమే. మేం అద్దె 3,200 జ్లోటీలు కడుతున్నాం. జ్లోటీ అంటే మన 20 రూపాయల పైమాట. మ్యూనిక్‌లో ఉన్న మా మరిది ఇంతకంటే చిన్న ఇంటికి దీనికి రెట్టింపు పైనే కడుతున్నాడు. అయితే ఇక్కడో కిటుకుంది, వచ్చేవాళ్ళు తెలుసుకోవాలి. ప్రకటనలో కనిపించే అద్దె కింద చిన్నగా ఇంకో అంకె ఉంటుంది. అది బిల్డింగ్ మెయింటెనెన్స్. మాకది 700. కరెంటు మళ్ళీ వేరే. ఇంకోటి, వీళ్ళు "రెండు గదుల ఇల్లు" అంటే రెండు బెడ్‌రూములు అనుకోకండి. హాలుని కూడా గదిగానే లెక్కపెడతారు. అంటే అది మన సింగిల్ బెడ్‌రూమే. నేను ఇది తెలియక మొదటి ఇల్లు చూడ్డానికి వెళ్ళి, రెండో బెడ్‌రూమ్ తలుపు ఎక్కడా అని వెతికాను.

పన్ను విషయంలో ఒక్క జీతం మీద బతికే ఇళ్ళకి ఇక్కడ మేలే. మనిషికి ఏడాదికి 30,000 జ్లోటీల దాకా పన్ను లేదు. భార్యాభర్తలిద్దరూ కలిపి లెక్క చూపించుకోవచ్చు. నాకు సంపాదన లేకపోయినా నా వంతు 30,000 మా ఆయన లెక్కలో కలుస్తుంది. ఆ సంగతి తెలిసిన రోజు "చూశారా, ఇంట్లో కూర్చుని కూడా సంపాదిస్తున్నాను" అన్నాను. ఆయన నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఆ మాట నేనెందుకన్నానో నాకు తర్వాత అర్థమైంది. దాని సంగతి కిందికొస్తాను.

కారు కొనలేదు, కొనాల్సిన అవసరమే రాలేదు. ట్రామ్ ఇంటి ముందే ఆగుతుంది, బడి పిల్లలకి టికెట్టు లేదు. గవర్నమెంటు బడికి ఫీజు లేదు, ప్రైమరీ పిల్లలకి పుస్తకాలూ బడివాళ్ళే ఇస్తారు. హైదరాబాద్‌లో మా తోడికోడలు మూడో క్లాసు పిల్లాడికి కట్టే ఫీజు వింటే, మా బడి గురించి చెప్పడానికి నాకే మొహమాటంగా ఉంటుంది. పార్కులు మన ఊరి చెరువంత ఉంటాయి. రాత్రి తొమ్మిదింటికి పాల ప్యాకెట్టు కోసం ఒక్కదాన్నే వెళ్ళొస్తాను, వెనక్కి తిరిగి చూసుకోను. ఈ ఒక్కదానికి ఎంత ఖరీదు కట్టాలో నాకు తెలియదు. తెనాలిలో ఇరవయ్యేళ్ళ వయసులో సందు చివరి కొట్టుకి వెళ్ళాలన్నా తమ్ముణ్ణి తోడు పంపేది మా అమ్మ.

తిండికీ ఫరవాలేదు. వచ్చిన కొత్తలో ఉప్మా రవ్వ ఇండియన్ కొట్లో మాత్రమే దొరుకుతుందనుకుని రెట్టింపు డబ్బు పోసి కొన్నాను. మూడు నెలలకి తెలిసింది, "కాషా మన్నా" అని ఏ చిన్న కొట్లో చూసినా అది కుప్పలు కుప్పలుగా ఉందని. వీళ్ళు దాన్ని పాలల్లో ఉడికించి పసిపిల్లలకి పెడతారు. "ష్చావ్" అని ఒక పుల్లటి ఆకు, వీళ్ళు సూపు కాస్తారు. తరిగి సీసాల్లో కూడా అమ్ముతారు. నూనెలో వేయించి, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి దంచి వేసి నూరితే గోంగూర పచ్చడికి చెల్లెలి వరస అవుతుంది. గోంగూర కాదు, నేను ఒప్పుకుంటాను. కానీ వేడన్నంలో కళ్ళు మూసుకుంటే సరిపోతుంది. కరివేపాకు మాత్రం బంగారమే. నాలుగు రెబ్బలు కొని డీప్ ఫ్రీజర్లో దాచుకుంటాను.

ఇక్కడి దాకా చదివినవాళ్ళు "మరింకేం, మీ ఆయన చెప్పింది నిజమే కదా" అంటారు. నిజమే. ఆయన లెక్క తప్పని నేననను. పెళ్ళికి ముందు నేను లెక్కల టీచర్ని, కూడికలు నాకూ వచ్చు. కాకపోతే ఆయన లెక్కలో రాసుకోని పద్దులు కొన్నున్నాయి. వాటిని కట్టేది నేను కాబట్టి అవి నాకే గుర్తుంటాయి.

మొదటిది భాష. ఆయన ఆఫీసులో అందరూ ఇంగ్లీషే. ఆయనకి నాలుగేళ్ళలో "జెన్ దోబ్రి", "జెన్‌కూయె" తప్ప మూడో మాట అవసరం పడలేదు. నమస్కారం, ధన్యవాదాలు, అంతే. మా అపార్ట్‌మెంటు పెద్దావిడలకీ, కూరగాయల ఆయనకీ, బడిలో ఆయమ్మకీ, కొరియర్ అబ్బాయికీ ఇంగ్లీషు రాదు. రోజంతా వాళ్ళతో పని ఉండేది నాకు. ఇదేదో మామూలు భాష కూడా కాదు. మనలాగే విభక్తులున్నాయి, మనుషుల పేర్లు కూడా వాటిని బట్టి మారిపోతాయి. నోరు తిరగక, తప్పు మాట్లాడితే నవ్వుతారని సిగ్గుపడి, మొదటి ఏడాది నేను చాలా చోట్ల మూగదాన్నే అయ్యాను. బడిలో అరవైమందిని ఒక్క కేకతో కూర్చోబెట్టిన మనిషిని నేను. అలాంటిదాన్ని అరకిలో టమాటాలకి వేళ్ళు చూపించేదాన్ని.

మా అమ్మాయికి మాత్రం ఏడాది తిరిగేసరికి ఆ భాష వచ్చేసింది. అందరూ ఎంత అదృష్టం అన్నారు, నేనూ అనుకున్నాను. తర్వాతొక రోజు నాకు నీరసంగా ఉంటోందని క్లినిక్‌కి వెళ్ళాను. మా ఆయన టూరులో ఉన్నారు. డాక్టరమ్మకి ఇంగ్లీషు అంతంతమాత్రం. పక్కనున్న మా అమ్మాయి, ఎనిమిదేళ్ళది, మధ్యలో నిలబడి అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పింది. నెలసరి ఎన్ని రోజులు అవుతోందో కూడా అదే అడిగింది, అదే చెప్పింది, అర్థం తెలియకుండానే. ఆఖర్న డాక్టరమ్మ ఏదో చాలాసేపు చెప్పింది. ఇది వింది, తలూపింది, నా వైపు తిరిగి నా చెయ్యి పట్టుకుని "రక్తం తక్కువుందంట అమ్మా, ఏం భయం లేదంట, మందులిస్తారంట" అంది. నాకు తెలియాల్సిన మాట నా కూతురికి ముందు తెలిసింది. అది రక్తం తక్కువ కాక ఇంకేదైనా అయ్యుంటే ఆ పసిది ఏం చెప్పేది, ఎలా చెప్పేది? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అద్దెలో మిగిలిన డబ్బు ఎంతైనా కానివ్వండి, ఆ పది నిమిషాలు దానికి జమ ఎలా వేస్తాం?

రెండోది నా ఉద్యోగం. నా రెసిడెన్స్ కార్డు మీద పని చేసుకునే హక్కుంది. కాయితం మీద ఏ అడ్డూ లేదు. కానీ ఇక్కడ లెక్కలు చెప్పాలన్నా ఈ భాషలోనే చెప్పాలి. ఖరీదైన ఊళ్ళలో భార్యలు ఉద్యోగం చెయ్యక తప్పదు, ఇద్దరి జీతం లేకపోతే గడవదు. ఇక్కడ ఒక్క జీతంతో గడిచిపోతుంది కాబట్టి "ఇప్పుడెందుకులే, ఇంట్లోనే ఉండు, హాయిగా ఉండు" అంటారు. ప్రేమగానే అంటారు. ఆ హాయిలో నాలుగేళ్ళు నాకు తెలియకుండానే గడిచిపోయాయి. పన్ను లెక్కలో నా వంతు గురించి నేనేసిన జోకు వెనక ఉన్నది అదీ.

మూడోది చలికాలం. చలి గురించి కాదు, చలికి కోటుంది, ఇల్లంతా వేడి చేసే ఏర్పాటుంది. చీకటి గురించి. డిసెంబరులో పావు తక్కువ నాలుగింటికి పొద్దు గూకుతుంది. బడి నుంచి పిల్లని తెచ్చేసరికి దీపాలు పెట్టే వేళ. దానికి తోడు బొగ్గు పొయ్యిలు వెలిగించే ఇళ్ళు ఇంకా ఉన్నాయేమో, చలికాలం సాయంత్రాలు గాలిలో పొగ వాసన. ఆదివారం కొట్లు మూసేస్తారు. 2018 నుంచి అదో చట్టం, ఏడాదికి కొన్ని ఆదివారాలు తప్ప పెద్ద కొట్లేవీ తెరవరు. పనివాళ్ళకి మంచిదే, నేను కాదనను. కానీ మనుషుల మొహం చూడ్డానికి బజారుకి పోయే అలవాటున్న మనకి ఆ ఆదివారం సాయంత్రం గడవదు.

అందరూ మంచివాళ్ళేనా అని మా చెల్లి అడిగింది కాబట్టి అదీ చెప్పేస్తాను. ఎక్కువమంది మంచివాళ్ళే. లిఫ్టులో ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా పలకరిస్తారు. ఒకసారి మాత్రం ట్రామ్‌లో మేం తెలుగులో మాట్లాడుకుంటుంటే ఒకాయన గట్టిగా ఏదో అన్నాడు. నాకు అర్థం కాలేదు. మా అమ్మాయి మొహం మాడిపోయింది. ఏమన్నాడే అంటే చెప్పలేదు. తర్వాతి స్టాపులో దిగి నడుచుకుంటూ వచ్చేశాం. ఇంటికొచ్చాక చెప్పింది, "మీ దేశం పొండి అన్నాడమ్మా" అని. నాలుగేళ్ళలో ఒక్కసారే. అయినా ఆ మాట విన్నది అది, నేను కాదు.

నాలుగోది దూరం. ఇది అన్నిటికంటే పెద్దది.

మా ఊరి నుంచి మన దేశానికి నేరుగా విమానం లేదు. ఏ ఫ్రాంక్‌ఫర్టో వెళ్ళి మారాలి. అది ఫరవాలేదు. అసలు చిక్కు కార్డు దగ్గరుంది. రెసిడెన్స్ కార్డు గడువు అయిపోయే ముందు మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలి. కొత్త కార్డు వచ్చేదాకా పాస్‌పోర్టులో ఒక ముద్ర వేస్తారు. ఆ ముద్రతో ఈ దేశంలో నిక్షేపంగా ఉండొచ్చు. కానీ పాత గడువు అయిపోయాక దేశం దాటి మన ఊరు వెళ్తే, ఆ ముద్ర చూపించి తిరిగి రాలేం. మళ్ళీ వీసా తెచ్చుకోవాలి. ఈ ఎదురుచూపులు నెలల తరబడి సాగుతాయి.

2023 వేసవిలో నేను అలా ముద్ర మీద ఉన్నప్పుడు మా నాన్నకి గుండెనొప్పి వచ్చింది. తమ్ముడు గుంటూరు తీసుకెళ్ళాడు. స్టెంటు వెయ్యాలన్నారు. నేను వెళ్తే తిరిగి ఎప్పుడొస్తానో తెలియదు. అమ్మాయికి బడి, ఈయనకి ఆఫీసు. ఇద్దరినీ వదిలేసి వెళ్ళి, వీసా కోసం తెనాలిలో మూడు నెలలు కూర్చుంటే? పోనీ అమ్మాయిని తీసుకుపోతే? అదీ ముద్ర మీదే ఉంది. ఒక రాత్రంతా నేనూ మా ఆయనా మాట్లాడుకున్నాం. "నువ్వు వెళ్తానంటే వెళ్ళు, ఏదైతే అదవుతుంది" అన్నారాయన. ఆ మాట అన్నందుకు ఆయనకి దణ్ణం పెట్టొచ్చు. కానీ నేను వెళ్ళలేదు.

నాన్నకి తగ్గింది. ఇప్పుడు పొద్దున్నే నడకకి కూడా వెళ్తున్నారు. ఆపరేషనయిన మర్నాడు వీడియోలో "నువ్వొచ్చి చేసేదేముందమ్మా, డాక్టర్లు చేశారుగా" అన్నారు. అమ్మ మాత్రం ఫోను పక్కకి తిప్పేసుకుంది. మంచం పక్కన ఎవరు కూర్చున్నారో అమ్మకి ఎప్పటికీ గుర్తుంటుంది. నాకూ ఉంటుంది. ఖరీదైన ఊరైనా దూరం దూరమే కదా అంటారు, అదీ నిజమే. కాకపోతే "డబ్బు మిగులుతుంది" అని వచ్చిన చోట, డబ్బున్నా టికెట్టు కొనలేని రోజొకటి వస్తుందని మాకెవరూ చెప్పలేదు.

మరైతే ఎందుకున్నారు, తిరిగొచ్చెయ్యొచ్చుగా అంటారా? అది చెప్పాలంటే మా పక్కింటి పెద్దావిడ గురించి చెప్పాలి.

ఆవిడకి డెబ్భై అయిదు దాటాయి. ఒక్కతే ఉంటుంది. క్లినిక్ సంగతయ్యాక నేను పట్టుబట్టి వారానికి రెండు రోజులు భాష క్లాసుకి వెళ్ళడం మొదలుపెట్టాను. మెట్ల మీద కనిపించినప్పుడల్లా ఆవిడ మీద ప్రయోగం చేసేదాన్ని. ఆవిడ నవ్వేది కాదు, తప్పు దిద్ది మళ్ళీ అనమనేది, అచ్చం నేను పిల్లలకి ఎక్కాలు చెప్పినట్టు. ఆ డిసెంబరు 24 రాత్రి మమ్మల్ని భోజనానికి పిలిచింది. క్రిస్మస్ ముందు రాత్రి వీళ్ళు మాంసం ముట్టరు. పన్నెండు వంటకాలు చెయ్యడం ఆనవాయితీ. బల్ల మీద ఒక కంచం ఖాళీగా పెడతారు, అనుకోని అతిథి ఎవరైనా వస్తే వాళ్ళకని. అతిథి మాట వినగానే మా ఆయన కూడా తలెత్తి చూశారు.

ఆఖర్న ఒక గిన్నెలో తీపి పెట్టింది. ఉడికించిన గోధుమలు, గసగసాలు, తేనె. దాని పేరు "కుత్య". "ఇది ఈ ఊరి వంట కాదు, మా అమ్మది" అని చెప్పింది. వాళ్ళమ్మ ల్వూఫ్ నుంచి వచ్చిందట. ఇప్పుడు యుక్రెయిన్‌లో ఉన్న ల్వీవ్ అదే. రెండో ప్రపంచ యుద్ధం అయ్యేదాకా మా వ్రోత్స్వాఫ్ జర్మన్ల ఊరు, పేరు బ్రెస్లావ్. 1945లో సరిహద్దులు మార్చేశారు. ఇక్కడి జర్మన్లని పంపేశారు. తూర్పున సొంత ఊళ్ళు పోగొట్టుకున్న పోలండ్ వాళ్ళు వచ్చి ఈ ఖాళీ ఇళ్ళల్లో దిగారు. "మా అమ్మ చాలా ఏళ్ళు పెట్టె విప్పలేదు. ఎప్పుడో తిరిగి వెళ్ళిపోతామనే అనుకుంది. పూలకుండీ కూడా కొననిచ్చేది కాదు. వెళ్ళలేదు. పెట్టె విప్పేసరికి సగం బట్టలు చిమటలు తినేశాయి" అంది.

అమ్మాయి సాయంతో సగం, నా సొంతంగా సగం అర్థం చేసుకున్నాను. ఇంటికొచ్చి లైటు వేసి చూస్తే హాల్లో రెండున్నరేళ్ళ నాటి అట్టపెట్టెలు అలాగే ఉన్నాయి. కర్టెన్లు లేవు. "ఎలాగూ వెళ్ళిపోతాంగా" అని మంచి గిన్నె ఒకటి కొనలేదు. పిల్ల సైకిలు అడిగితే కూడా అదే మాట. మిగిల్చడానికి వచ్చాం కాబట్టి మిగల్చడమే బతుకయిపోయింది. ఊరు మమ్మల్ని పరాయివాళ్ళని చేసిందని నేననుకుంటున్నాను గానీ, సగం మేమే అయ్యాం.

వాళ్ళమ్మకీ నాకూ పోలిక కుదరదు, నాకు తెలుసు. ఆవిడ ఊరు పోయింది, నా ఊరు నాకుంది. అయినా ఆ పెట్టె మాట నన్ను వదల్లేదు. మర్నాడే కర్టెన్లు కొన్నాను. పండగ సెలవు, కొట్లు లేవు కాబట్టి మూడో రోజున అనాలి.

2024 సెప్టెంబరు మీకు గుర్తుండే ఉంటుంది. మొదట్లో విజయవాడని బుడమేరు ముంచేసింది. నేనిక్కడ రాత్రీ పగలూ ఫోను పట్టుకుని, మా పిన్ని వాళ్ళు ఏ అంతస్తులో ఉన్నారో, పాలు అందాయో లేదో కనుక్కుంటూ గడిపాను. సరిగ్గా రెండు వారాలకి ఇక్కడ ఓద్రా పొంగుతోందన్నారు. 1997లో ఈ ఊరు మునిగింది, ఆ భయం అందరికీ ఉంది. ఇసుక బస్తాలు నింపడానికి మనుషులు కావాలంటే నేనూ వెళ్ళాను. నా పక్కనున్న అమ్మాయి సంచి పట్టుకుంది, నేను పార పట్టాను. నాలుగు గంటల్లో నేను మాట్లాడినవి పది మాటలుంటాయేమో. చేతులు బొబ్బలెక్కాయి. విజయవాడకి చెయ్యలేకపోయిన పనిని ఇక్కడ చేస్తున్నట్టనిపించింది. ఆ పోటు ఊరిని ముంచకుండా దాటిపోయింది. నాన్న మంచం పక్కన లేననే బాధ దాంతో తీరలేదు. అలాంటివి అలా తీరవు కూడా. కానీ ఆ రోజు ట్రామ్‌లో మట్టి చెప్పులతో కూర్చున్నప్పుడు, ఎవరేమన్నా దిగిపోవాలని మాత్రం అనిపించలేదు.

ఇప్పుడు నా అభిప్రాయం. చవక ఊరికి రావడం తప్పు కాదు. మిగిలినదంతా బ్యాంకులో వెయ్యడం తప్పు. చవక వల్ల మిగిలే డబ్బులో కొంత, ఆ చవక వల్ల ఇంట్లో ఎవరికి బరువు పెరుగుతుందో వాళ్ళ మీద తిరిగి ఖర్చు పెట్టాలి. అది లెక్కలో మొదటి పద్దుగా రాసుకోవాలి, ఆఖర్న మిగిలితే చూద్దాం అనుకోకూడదు. ఇంచుమించు అన్ని ఇళ్ళల్లోనూ ఆ బరువు మోసేది ఇంట్లో ఉండే ఆడదే.

అందుకే మా చెల్లికి ఇలా చెప్పాను. రావే, తప్పకుండా రా. కానీ వచ్చిన మొదటి నెల నుంచీ నీ భాష క్లాసుకి డబ్బు, పిల్లాణ్ణి చూసుకోవడానికి ఆయన టైము, రెండూ ముందే మాట్లాడుకో. క్లాసుండే సాయంత్రాలు ఆయనే ఇంటికి తొందరగా రావాలి. నీ పేరు మీద ఒక టికెట్టు డబ్బు విడిగా ఉంచుకో, దాన్ని ఫ్రిజ్‌కో సోఫాకో వాడొద్దు. కార్డు గడువు తేదీ ఆయనకొక్కడికే కాదు, నీకూ నోటికి రావాలి. ఆ గడువు దగ్గర పడకముందే అమ్మా నాన్నల్ని చూసి వచ్చెయ్. పిల్లాణ్ణి ఈ భాష బడిలో వేస్తే నాలుగేళ్ళ తర్వాత ఏ దేశంలో ఏ బడికి వెళ్తాడో ఇప్పుడే ఇద్దరూ కూర్చుని ఆలోచించండి. మేం అది ఆలోచించలేదు, ఇప్పుడు కొట్టుమిట్టాడుతున్నాం. డాక్టరు దగ్గరికి మాత్రం పిల్లాణ్ణి తోడు తీసుకెళ్ళొద్దు. ఎంత బాగా మాట్లాడినా సరే.

"ఇంత ఖర్చయితే ఇంక చవకేముందక్కా?" అంది.

"ఇవన్నీ పెట్టుకున్నా మిగులుతుందే. నేను లెక్క వేశాను" అన్నాను. నిజంగానే వేశాను. ఏడాదికి రెండు టికెట్లు, నా క్లాసు ఫీజు, ఒక మంచి కుక్కరు, పిల్ల సైకిలు, అన్నీ కలిపినా మ్యూనిక్ మరిది కట్టే అద్దె తేడా ముందు చిన్నవే. ఆ కాయితం మా ఆయనకీ చూపించాను. చాలాసేపు చూసి, "మొదటేడాదే ఇలా రాసుకోవాల్సింది" అన్నారు. అంతకంటే ఎక్కువ అనలేదు, నేనూ అడగలేదు. మర్నాడు మాత్రం ఆయన ఫోనులో పోలిష్ నేర్పే యాప్ ఒకటి కనిపించింది. "అరకిలో టమాటాలు ఇవ్వండి" దగ్గర ఆగిపోయారు పాపం.

వచ్చే ఏడాదికి మాకు అయిదేళ్ళు నిండుతాయి. అయిదేళ్ళుంటే, భాషలో బి1 పరీక్ష పాసైతే, ఎక్కువ కాలానికి ఉండే కార్డుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అది చేతికొస్తే నాన్న పిలిస్తే మర్నాడే విమానం ఎక్కొచ్చు. నేను పరీక్షకి చదువుతున్నాను. ఉంటామా, వెళ్ళిపోతామా అన్నది ఇంకా తేలలేదు. అమ్మ ఆరోగ్యం, పిల్ల చదువు, ఈయన ఉద్యోగం, దేనివైపు నుంచి చూస్తే అటు మొగ్గుతుంది. తేలేదాకా అట్టపెట్టెలతో ఉండకూడదని మాత్రం అనుకున్నాను.

మీలో ఇలా చవకని వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళుంటే, పోర్చుగల్ కావచ్చు, హంగరీ కావచ్చు, మీ ఇంట్లో ఆ లెక్క ఎవరు రాశారో, ఎవరు కట్టారో చెప్పండి. వినాలని ఉంది. మా చెల్లి కూడా చదువుతుంది. అన్నట్టు, వాళ్ళు ఫిబ్రవరిలో వస్తున్నారు. ఒక ఇంగువ డబ్బా, ఒక కరివేపాకు మొక్క తెమ్మన్నాను. మొక్క విమానంలో రానివ్వరట. "పోనీ నువ్వు రా చాలు" అన్నాను.